మేకుల చెక్క మీద ఎడ్వర్డు రాజు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒకటే. నేను ఇంటికి రాకపోతే ఎవరూ వెతకరని.

మిగతా భయాలు లేవని కాదు. పాప రెండుసార్లు దగ్గితే మూడో దగ్గు కోసం చెవులు రిక్కించి కూర్చుంటాను. గ్యాస్ కట్టేశానా లేదా అని చౌరస్తా దాకా పోయి వెనక్కి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. అవి వస్తాయి, పోతాయి. ఇది మాత్రం తొమ్మిదో తరగతిలో నాలోకి వచ్చి మళ్ళీ పోలేదు.

మాది గోలేటి అవతల ఒక పల్లె. ఆ రోజు శనివారం, బడి ఒంటిపూట. సారు చార్టులు ఇచ్చి వెనక గదిలో పెట్టి రమ్మన్నాడు. నేను లోపల ఉండగానే ఎవరో బయట తాళం వేసుకుని వెళ్ళిపోయారు. చాలాసేపు అరిచాను. తర్వాత అరవడం మానేసి, వచ్చేవాళ్ళ అడుగుల చప్పుడు కోసం విన్నాను. పొద్దుగూకే వేళకు కిటికీ ఊచ ఒకటి ఊడదీసి, మోచెయ్యి గీరుకుపోయినా ఎలాగో బయటపడి ఇంటికి పోయాను. నాన్న, చిన్నమ్మ, తమ్ముళ్ళు అన్నం తింటున్నారు. నన్ను చూసి చిన్నమ్మ నీళ్ళ చెంబు అందుకోమంది, అంతే. వాళ్ళకు నా మీద కోపం లేదు. నేను ఇంట్లో లేనన్న సంగతే వాళ్ళకు తట్టలేదు. అమ్మ బతికి ఉంటే తట్టేదేమో. ఆ సంవత్సరమే నన్ను బడి మాన్పించారు.

అందుకే, పంతొమ్మిదేళ్ళకు పెళ్ళయి గోదావరిఖని వచ్చిన రోజు మా మామ ఎల్లన్న నా చేతిలో పెట్టిన వెండి బిళ్ళను చూసి నేను ఎందుకు ఏడ్చానో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

మా ఇంట్లో తలుపు పక్కన ఒక చెక్క ఉంది. దానికి నాలుగు మేకులు. మామ ముప్పై ఆరేళ్ళు గనిలో పనిచేశాడు. గనిలో దిగేముందు ప్రతి మనిషీ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళను ల్యాంపు రూములో ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కూడా ల్యాంపు రూము చెక్క మీద ఒక బిళ్ళ మిగిలిందంటే, ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని. అప్పుడు వెతకడానికి దిగుతారు. వాడు మంచివాడా, తాగుబోతా, నిన్న ఎవరితో కొట్లాడాడు అని అడిగే ఆచారం లేదు. బిళ్ళ ఉంది కాబట్టి దిగుతారు.

మా ఇంట్లో కూడా అదే పద్ధతి. బయటికి పోయేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళ మేకుకు తగిలించాలి. తిరిగి వచ్చాక తీసుకుని మెడలోనో మొలతాడుకో కట్టుకోవాలి. దీపాలు పెట్టే వేళకు, డ్యూటీకి పోయినవాళ్ళది కాక ఏ మేకు మీదైనా బిళ్ళ ఉంటే, ఇంట్లో ఉన్నవాళ్ళు చెప్పులేసుకోవాలి. నాకు ఇచ్చింది మా అత్త పోశవ్వ బిళ్ళ. ఆమె నేను రావడానికి రెండేళ్ళ ముందే పోయింది. మామ దాన్ని నా అరచేతిలో పెట్టి, "ఇగ నువ్వు మా చెక్క మీదికి ఎక్కినవ్ బిడ్డా. నువ్వు రాకుంటె నేనొస్త," అన్నాడు.

ఆ బిళ్ళలు ఇత్తడివి కావు. ఇంగ్లండు రాజుల వెండి నాణేలు. ఆ కథ మామ నోట వంద సార్లు విన్నాను.

ఆయన ముప్పై ఏళ్ళ వయసులో ఇంగ్లండు నుంచి బొగ్గు కోసే పెద్ద మిషను వచ్చిందట. దాన్ని బిగించడానికి నలుగురైదుగురు ఫిట్టర్లు వచ్చారు. అందులో ఆల్బర్ట్ అనే అతను మామతో కలిసి పనిచేశాడు. అతనిదీ గని ఇల్లే, తాత తండ్రులు బొగ్గు తవ్వినవాళ్ళే. ఒకరోజు షిఫ్టు అయిపోయినా ఆల్బర్ట్ బిళ్ళ చెక్క మీదే ఉంది. మామ ఇద్దరిని వెంటబెట్టుకుని మళ్ళీ దిగాడు. రెండు గంటలు వెతికారు. ఆల్బర్ట్ ఇంకో దారిన పైకి వచ్చి, బిళ్ళ మాట మరిచిపోయి, గెస్టు హౌసులో స్నానం చేస్తున్నాడు. ఎవరో చెబితే తడి తలతో, భుజం మీద టవలుతో పరుగెత్తుకొచ్చాడు. మామ పైకి వచ్చి అతన్ని ఆ అవతారంలో చూసి తెలుగులో నాలుగు తిట్లు తిట్టాడట. "ఆనికి అర్థం కాలె గని, తిట్లే అని ఎరుకైంది," అంటాడు మామ ఇప్పటికీ, నవ్వుతూ, దగ్గుతూ.

తన దేశం తిరిగి పోయేముందు ఆల్బర్ట్ ఒక పొగాకు డబ్బా ఇచ్చాడు. అందులో నాలుగు నాణేలు. వాళ్ళ ఊరి పొలాల్లో, ఇనుము వెండి తగిలితే కూత పెట్టే మిషను పట్టుకుని నడుస్తూ తనే ఏరుకున్నాడట. మూడు ఎడ్వర్డు అనే రాజువి, ఏడు వందల ఏళ్ళ నాటివి. నాలుగోది సగమే. అది ఇంకా పాతది, హెన్రీ అనే రాజుది. ఆ కాలంలో చిల్లర కావాలంటే నాణేన్ని వెనక ఉన్న శిలువ గీత వెంబడి కత్తిరించి సగం చేసేవాళ్ళట.

మన రూపాయి కన్నా చిన్నవి, పలుచనివి, నోట్లో పెట్టుకుంటే వంగిపోతాయేమో అనిపించేంత. ముందు వైపు కిరీటం పెట్టుకున్న మొహం, రెండు చుక్కల కళ్ళు, చెవుల దగ్గర ఉంగరాల జుట్టు. చిన్నపిల్లలు గోడ మీద గీసిన బొమ్మలా ఉంటుంది. వెనక అంచు నుంచి అంచుకు శిలువ, మూలమూలకు మూడేసి చుక్కలు. మిషనులో చేసినవి కావు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు పెట్టి, మధ్యలో వెండి రేకు ఉంచి, సుత్తితో ఒక్క దెబ్బ. అందుకే ఏ రెండూ ఒకలాగ ఉండవు. సుత్తి పట్టిన చెయ్యి కాబట్టి మామకు ఆ సంగతి నచ్చింది. మేకుతో పొడిచి ఒక్కోదానికి రంధ్రం చేసి, బొటనవేలితో తడిమితేనే ఏది ఎవరిదో చెప్పేవాడు. ఆయన దానికి కిరీటం పక్కన చిన్న గంటు ఉంది. నా దాంట్లో రాజు మొహం ఒక పక్కకు జారి, ఒక చెవి అంచు దాటిపోయింది. మా ఆయన ప్రశాంత్ ది అంచు అరిగి కోలగా ఉండేది.

మా పాప సహస్ర పుట్టినప్పుడు ఆ సగం బిళ్ళ దానికి వచ్చింది. ఇరవై ఒకటో రోజున మామే మొలతాడుకు కట్టాడు. ఇప్పుడు దానికి అయిదేళ్ళు. బడికి పోయేముందు మునివేళ్ళ మీద లేచి దాని మేకుకు అదే తగిలిస్తుంది. నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్ కాస్టు గనిలో మధ్యాహ్నం పేలుళ్ళు జరిగినప్పుడు ఇల్లు ఒకసారి అదిరి, మేకుల మీద బిళ్ళలు సన్నగా మోగుతాయి. అప్పుడు నేను ఇంట్లో ఎక్కడున్నా చెక్క వైపు చూస్తాను. ఎందరు బయట ఉన్నారు, ఎవరు రావాలి. లెక్క చూసుకునేదాన్ని తప్ప, రాజుల మొహాలు చూడలేదు. అదే నా పొరపాటు.

పోయిన దసరా తర్వాత ఒకరోజు పాప, "అమ్మా, నా రాజు గడ్డం తీసేసిండు," అంది. హెన్రీ రాజుకు గడ్డం ఉండేది, చుక్కలు చుక్కలుగా. నేను అన్నం కలుపుతున్నాను. పండుగ కదా, మంగలి దగ్గరికి పోయి ఉంటాడని చెప్పాను. అది నవ్వింది. నేనూ నవ్వాను.

మొన్న ఎండాకాలం మొదట్లో ఆ సగం బిళ్ళ అంచు పాప నడుముకు గీరుకుంటోందని, బజారులో వెండిపని చేసే సంపత్ దగ్గరికి తీసుకుపోయాను. కొంచెం ఆకురాయి పెట్టమన్నాను. అతను దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, ఇది పాతది కాదు కదా వదినె అన్నాడు. ఏడు వందల ఏళ్ళ కన్నా పాతదని చెప్పాను గొప్పగా. అతను నా మొహం చూసి ఆకురాయి పక్కన పెట్టాడు.

"గిది నేను చేసిందే వదినె. ప్రశాంతన్న చేపిచ్చిండు. రెండు నిండువి, ఒకటి సగం. అసలువి లాకర్ల పెడుతున్న, పిల్ల ఆడుకుంట పారేస్తదని అన్నడు. నీకు ఎరుక లేదా?"

మాకు ఏ బ్యాంకులోనూ లాకరు లేదు. ఎరుకే అని చెప్పాను. ఎందుకు అలా చెప్పానో ఇప్పటికీ తెలియదు. అతను అంచు నునుపు చేసి ఇచ్చాడు, పైసలు తీసుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి పదకొండున్నర. రెండో షిఫ్టు కాబట్టి ప్రశాంత్ ఇంకా నిద్రలో ఉన్నాడు. అతను ఓపెన్ కాస్టులో ఒక కాంట్రాక్టరు కింద టిప్పరు నడుపుతాడు. అతని బిళ్ళ చొక్కా జేబులో ఉంది, తీశాను. నా మెడలోది తీశాను. మామ మంచం మీద కూర్చుని గోడకు ఆనుకుని ఉన్నాడు, ఆయనది అడిగితే మారు మాట లేకుండా ఇచ్చాడు. నాలుగూ స్టీలు పళ్ళెంలో పెట్టి వాకిట్లో ఎండలోకి తీసుకుపోయాను.

మామ బిళ్ళకు కిరీటం పక్కన గంటు ఉంది కదా. నా దానికీ ఉంది. అదే చోట. ప్రశాంత్ దానికీ ఉంది. పాప సగం బిళ్ళకు కూడా, సగం కిరీటం పక్కన, అదే గంటు. మామ ఒక్కడి బిళ్ళను మైనంలో ఒత్తి అచ్చు తీసి, అందరికీ దాన్నే పోశారు. నా రాజు చెవి మళ్ళీ మొహం మీదికి వచ్చేసింది. మా అత్త ఇరవై ఏళ్ళు మెడలో వేసుకున్న రాజు అది.

అతను లేచి, స్నానం చేసి, అన్నం తినేదాకా ఆగాను. తినేవాడిని అడగకూడదని ఆగాను. తర్వాత పళ్ళెం ముందు పెట్టాను. ముందు నవ్వులాటకు దిగాడు, నువ్వు పోలీసోళ్ళ ఇంట్లో పుట్టాల్సింది అన్నాడు. నేను నవ్వలేదు. అప్పుడు గొంతు సవరించుకుని, పోయిన వానాకాలం పాప నిమోనియాతో దవాఖానలో ఉన్నప్పుడు అమ్మానని, చెబితే ఫికర్ పడతానని చెప్పలేదని అన్నాడు. పాత నాణేలు కొనే వాడెవడో ఫోనులో దొరికాడట. రంధ్రాలు ఉన్నాయని వాడు సణిగాడట కూడా.

ఒక్క క్షణం నమ్మాలనిపించింది. నమ్మితే ఎంత సుఖంగా ఉండేదో. కానీ నా చెయ్యి నా చెవి దగ్గరికి పోయింది. చెవులకు చీపురు పుల్లలు ఉన్నాయి, అప్పటి నుంచీ.

"దవాఖానకు నా కమ్మలు పోయినయి," అన్నాను. "మరి రాజులు ఎటు పోయిన్రు?"

అతను ఫోను వైపు చూశాడు. పక్కన బోర్లా పెట్టి ఉంది. అందులో పేకముక్కలు తిరిగే ఆట గురించి నాకు తెలుసు. పైసలు పెట్టి ఆడతాడని తెలియదు, సరదాకు అనుకున్నాను. డ్యూటీ నుంచి వచ్చి అరగంట ఆడితే ఏం పోతుందిలే అనుకున్నాను.

"బిళ్ళ బిళ్ళనే గదా యమునా. మేకుకు ఏదో ఒకటి ఏలాడితె సాలదా? ఇన్ని దినాలు నీకు తేడా ఎరుకైందా?"

"పాపది సుత అమ్మినవ్."

"అది సగమే గదా."

ఆ మాట అన్నాక అతనికే ఎలాగో అనిపించినట్టుంది, తల వంచుకుని బూట్లు వేసుకున్నాడు.   అతను పళ్ళెంలోంచి తన బిళ్ళ తీసి చేతిలో పట్టుకుని తలుపు దాకా పోయాడు. చెక్క ముందు ఆగాడు. తర్వాత దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మా ఇంట్లో బిళ్ళ తగిలించకుండా గడప దాటిన మనిషిని ఆ రోజే చూశాను.

మామ దగ్గరికి పోయి చెబుదామని నోరు తెరిచాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఎరుకే బిడ్డా. పండుగ ముంగట నా బిళ్ళ తోమిస్త అని తీస్కపోయి తెల్లారి తెచ్చిండు. గప్పటిసంది నా గంటు మీ అందరి బిళ్ళల మీద తాకుతాంది."

ఇది నాకు రెండో దెబ్బ. మొదటిదాని కన్నా లోపలికి దిగింది. ప్రశాంత్ సంగతి వేరు. అతను చిన్నప్పటి నుంచి ఒకటి చెప్పి ఒకటి చేసే మనిషని పెళ్ళయిన ఏడాదికే తెలుసుకున్నాను. కానీ ఈయన. ఆరు నెలలుగా నేను మిషను కుట్టే షాపుకు పోతూ ఆ చెక్కకు దొంగ బిళ్ళ తగిలిస్తుంటే, మంచం మీద నుంచి చూస్తూ, "జాగ్రత్త బిడ్డా" అంటూ వచ్చాడు. పాప మునివేళ్ళ మీద లేస్తుంటే చూస్తూ ఊరుకున్నాడు.

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె నువ్వు పోతవనుకున్న," అన్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్ళీ అన్నాడు. "నువ్వు పోతె నాకెవలున్నరు?"

"నేను ఒకరోజు రాకుంటె? ఆ దొంగ బిళ్ళను చూసి లేచెటోనివా?"

"లేచెటోన్నే. గనిల బిళ్ళ సుత ఉట్టి ఇత్తడే బిడ్డా. దాన్ని చూసే మేం దిగినం."

"నీ ఊపిరి గడప దాక రాదు మామా."

అనకూడని మాట. ఆయన ఊపిరితిత్తుల నిండా బొగ్గు పొడే. దొడ్లోకి పోవాలన్నా గోడ పట్టుకుంటాడు. అనేశాక వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని కూడా అనిపించలేదు ఆ రోజు.

ప్రశాంత్ ఆ రాత్రి రాలేదు. తెల్లారీ రాలేదు. ఫోను బంద్. కాంట్రాక్టరు మనిషిని అడిగితే ఆ రోజు డ్యూటీకే ఎక్కలేదన్నాడు. మందమర్రి రైలు స్టేషను దగ్గర చూశామని ఒకరు చెప్పారు. కొత్తగూడెంలో అతనికి ఒక దోస్తు ఉన్నాడు, అక్కడా టిప్పర్లే, అడిగితే రాలేదన్నాడు. వచ్చినా రాలేదనే చెబుతాడు. పోలీసు స్టేషను మెట్ల దాకా పోయి తిరిగి వచ్చాను. దొంగతనం చేశాడని రాయించాలా, తప్పిపోయాడని రాయించాలా అన్నది తేల్చుకోలేకపోయాను.

మూడో రోజు పొద్దున లేచి చూస్తే ప్రశాంత్ మేకు మీద బిళ్ళ ఉంది.  దగ్గరికి పోతే అది మామది. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క అసలు రాజు. మంచం మీద నుంచి చెక్క దాకా గోడ పట్టుకుని ఎలా వచ్చాడో.

తీసి ఆయన చేతిలో పెట్టేశాను. ఆ మేకు ఖాళీగానే ఉండనీ అన్నాను. మళ్ళీ నేను నీళ్ళకు పోయి వచ్చేసరికి తగిలించి ఉంది. మళ్ళీ తీశాను.

"బిళ్ళ పెట్టకుండ దిగినోని కోసం ఎవలు దిగరు యమునా," అన్నాడు. "ఆడు లోపల ఉన్నడని ఎవలకు ఎరుకైతది? నా కొడుకు గంతటోడు గాదు, ఎరుకే. గాని చెక్క మీద లేకుంటె ఎట్ల?"

 నా కొంగుకు ముడి వేసుకున్నాను ఆ బిళ్ళను.

ఆ సాయంత్రం పాప బడి నుంచి వచ్చి, తన బిళ్ళ తీసుకుని, చెక్క వైపు చాలాసేపు చూసింది. ఏ మేకు మీదా ఏమీ లేదు. మా ఇంటి లెక్క ప్రకారం అందరూ ఇంట్లోనే ఉన్నట్టు. అది బ్యాగు కింద పడేసి మంచం కిందికి దూరింది. తర్వాత బియ్యం డ్రమ్ము వెనక చూసింది. తర్వాత స్నానాల గది తలుపు నెట్టింది. ఏం వెతుకుతున్నావని అడిగాను.

"డాడీని," అంది. "బిళ్ళ లేదు గదా. ఇంట్లనే ఉండాలె."

మామ కళ్ళు మూసుకున్నాడు. నేను కొంగు ముడి విప్పి ఆ బిళ్ళను ప్రశాంత్ మేకుకు తగిలించాను. పాప దాన్ని చూసి, సరే అయితే ఇంకా రాలేదన్నమాట అన్నట్టు తలూపి, చేతులు కడుక్కోవడానికి పోయింది.

ఈ రోజుకు పదకొండు రోజులు. మధ్యాహ్నం పేలుళ్ళకు ఆ ఒక్క బిళ్ళ మోగుతోంది. నేను అతన్ని క్షమించానని రాయడం లేదు. మామతో కూడా సరిగ్గా మాట్లాడటం లేదు, అన్నం పెడుతున్నాను, మందులు ఇస్తున్నాను, అంతే. అతను తిరిగి వస్తే తలుపు తీస్తానా అంటే అదీ తెలియదు. కానీ తాళం వేసిన గదిలో కూర్చుని అడుగుల చప్పుడు కోసం విన్నదాన్ని నేను. బిళ్ళ ఉంటే దిగాలి. నేను పాపను, ఈయనను వదిలి దిగలేను. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

మీరు మందమర్రి వైపు గానీ, కొత్తగూడెం వైపు గానీ, టిప్పర్లు ఆగే ఏ హోటలు దగ్గర గానీ ఉంటే ఒకసారి చూడండి. ముప్పై రెండేళ్ళ మనిషి, సన్నగా ఉంటాడు, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, అబద్ధం చెప్పేముందు గొంతు సవరించుకుంటాడు. చొక్కా జేబులో కిరీటం పక్కన గంటు ఉన్న చిన్న వెండి బిళ్ళ ఉంటుంది. ఇంటికి రమ్మని చెప్పకండి. నేను అడిగానని కూడా చెప్పకండి. పక్కన కూర్చుని, తిన్నాడో లేదో చూసి రండి.